ఎర్రలైటు, పటికబెల్లం

మొన్న ఒక ఆదివారం నార్త్ యార్క్‌లో మా ఇంట్లో ఇడ్లీలు తింటూ టీవీ చూస్తుంటే, నేను ఒకప్పుడు పనిచేసిన వజ్రాల గనిని మూసేశారని చెప్పారు. ఎక్కడో ఉత్తరాన, రోడ్డు లేని చోట, సరస్సులో నీళ్లు తోడేసి తవ్విన గొయ్యి అది. తోడిన నీళ్లను ఇప్పుడు మళ్లీ అందులోకే వదులుతున్నారట. పైనుంచి తీసిన వీడియోలో గొయ్యి కనిపించింది, దాని పక్కన మా క్యాంపు రేకుల వరసలు కనిపించాయి. మా కిచెన్ పొగగొట్టం కూడా గుర్తుపట్టాను. "అదిగో, నేను అక్కడ పనిచేశా" అన్నాను. పదేళ్ల మా అమ్మాయి ఐప్యాడ్ లోంచి తలెత్తి, "డిడ్ యూ ఫైండ్ ఎనీ, డాడీ?" అని అడిగింది. "లేదమ్మా, గిన్నెలు దొరికాయి" అన్నాను. "ఓకే" అని మళ్లీ తల దించుకుంది. మా ఆవిడ ఇంకో ఇడ్లీ వేసింది. సంభాషణ అక్కడితో అయిపోయింది గానీ, ఆ రోజంతా నాకు ఆ కిచెన్‌లో బేకన్ వేగుతున్న వాసన వస్తూనే ఉంది.

నేను కెనడా వచ్చిన రోజుల్లో మా గోదావరిఖనిలో వీధికి ఇద్దరు ముగ్గురు చొప్పున విమానం ఎక్కుతున్నారు. బ్రాంప్టన్‌లో ఒక బేస్‌మెంట్‌లో ఆరుగురం ఉండేవాళ్లం. బాత్రూమ్ ఒకటే. దానికి గోడ మీద టైమ్‌టేబుల్ ఉండేది, ఎవరైనా అతిక్రమిస్తే రెండు రోజులు అంట్లు తోమాలి. నేను చదివింది సప్లై చైన్ డిప్లొమా. చదువు అయ్యాక మూడేళ్ల వర్క్ పర్మిట్ వచ్చింది, వేర్‌హౌస్‌లో పెట్టెలు ఎత్తే పనికి కుదిరాను. ఏడాది ఎత్తాక తెలిసింది, ఆ పని పీఆర్‌కు, అంటే ఇక్కడే స్థిరపడే అనుమతికి, లెక్కలోకి రాదని. ఏయే పనులు వస్తాయో చూస్తే ఆ జాబితాలో కుక్ ఉంది. కుక్‌గా ఏడాది పనిచేసి, కంపెనీ లెటర్ తెచ్చుకుంటే అప్లై చేసుకోవచ్చు. నాకు వంట రాదన్నది అప్పట్లో చిన్న విషయంగా కనిపించింది. ఉత్తరాన గనిలో కిచెన్ హెల్పర్ ఉద్యోగం ఉందనీ, బాగా చేస్తే లోపలే కుక్‌ని చేస్తారనీ ఒక ఫ్రెండ్ చెబితే అప్లై చేశా. గిన్నెలు కడగడంలో నా అనుభవం ఎంత అని అడిగారు. టైమ్‌టేబుల్ సంగతి చెప్పకుండా, చాలా ఉందన్నాను.

ఆ ఉద్యోగం వచ్చిందని ఇంటికి ఫోన్ చేసి చెబితే, ముప్పై ఏళ్లు బొగ్గుబాయిలో పనిచేసిన మా బాపు, "బాయిలకు దిగుతవా?" అని అడిగాడు. "లే బాపూ, వంటరూంల." "వజ్రాల బాయికి పోయి గిన్నెలు కడుగుతవా?" "అవ్." "మరి పింఛను ఉంటదా?" ఉండదన్నాను. "సరె పో" అన్నాడు. పై అంతస్తులో ఉండే మా ఇంటి ఓనరు స్వరూప ఆంటీ మాత్రం చాలా కంగారుపడింది. ఆవిడది తెనాలి. ఊళ్లో ఎవరు తుమ్మినా ఆవిడ దగ్గర మందు ఉంటుంది. "అక్కడ గాలి పొడిగా ఉంటుంది బాబూ, గొంతు పట్టేస్తుంది. రెండు మిరియాలు, ఒక పలుకు పటికబెల్లం బుగ్గన పెట్టుకో, చప్పరిస్తూ ఉండు" అని ఒక గుడ్డసంచీ నిండా పోసి ఇచ్చింది. తెల్లగా, మూలలు తేలి, వెలుతురులో పెడితే కొంచెం మెరిసే పలుకులు. వజ్రాల గనికి వెళ్లేవాడి చేతికి అలాంటివి ఇస్తున్నానని ఆవిడకీ తట్టలేదు, పుచ్చుకుంటున్న నాకూ తట్టలేదు.

గని అంటే మా ఊరివాడికి ఒక బొమ్మ ఉంటుంది. సైరన్, నల్లటి ముఖాలు, టిఫిన్ క్యారియర్, తెల్లవారుజామున వీధిలో బూట్ల చప్పుడు. ఇక్కడ అవేవీ లేవు. విమానం దిగితే మంచు, మంచు మధ్య ఒకదానికొకటి అతికించిన పొడుగాటి రేకు షెడ్లు. వాటిని కలుపుతూ నడవాలు. రెండు వారాలు బయటికి రాకుండా బతకొచ్చు, నేను దాదాపు అలాగే బతికాను. లోపలికి రాగానే బూట్లు విప్పి సాక్సులతో తిరగాలి, కాబట్టి మూడు వందల మంది గని కార్మికులు ఆస్పత్రిలో నడిచినట్టు చప్పుడు లేకుండా నడిచేవాళ్లు. నడవాల్లో ఒక చివర ఫ్లోర్ క్లీనర్ వాసన, ఇంకో చివర మా కిచెన్ వాసన. చలికాలంలో సూర్యుడు మధ్యాహ్నం ఒకసారి తొంగిచూసి వెళ్లిపోయేవాడు. రెండు వారాలు పని, రోజుకు పన్నెండు గంటలు. రెండు వారాలు ఇంటి దగ్గర. మా ఊళ్లో కార్మికుల ఇళ్లకు పొయ్యిలోకి బాయి నుంచి బొగ్గు వచ్చేది, మా అమ్మ దాని మీదే అన్నం వండేది, నా చిన్నప్పటి చొక్కాలన్నీ ఆ పొగ వాసనే. ఇక్కడ మొదటి రోజే చెప్పారు, నేల మీద ఏ రాయి కనిపించినా వంగి తీయకూడదని. బూటు లేసు ఊడినా, ముందు చుట్టూ చూసి, అప్పుడు వంగాలి. వెళ్లిపోయే రోజు అందరూ సెర్చ్ రూమ్ దాటాలి. అక్కడ గోడకు ఒక బటన్ ఉంటుంది. నొక్కితే పచ్చలైటో ఎర్రలైటో వెలుగుతుంది, ఏది వెలిగేదీ ఎవరి చేతిలోనూ లేదు. పచ్చ అయితే విమానం ఎక్కడమే. ఎర్ర అయితే పక్కగదిలోకి వెళ్లి, బ్యాగు నుంచి సాక్సుల దాకా అన్నీ విప్పి చూపించాలి.

కిచెన్ గోర్డన్‌ది. న్యూఫౌండ్‌ల్యాండ్ మనిషి, అరవైకి దగ్గర, పద్దెనిమిదేళ్లుగా అక్కడే హెడ్ కుక్. ఎవరినీ తిట్టేవాడు కాదు, మెచ్చుకునేవాడూ కాదు. చెంచా ముంచి, నోట్లో పెట్టుకుని, చెంచా కడిగి, వెళ్లిపోయేవాడు. ఆయన తిరిగొచ్చి ఉప్పు వేస్తే తక్కువైందని, తిరిగి రాకపోతే పర్వాలేదని మేం అర్థం చేసుకునేవాళ్లం. పొద్దున నాలుగున్నరకల్లా రొట్టె పిండి కలిపి, టీ పెట్టుకుని, అందులో డబ్బాపాలు పోసుకుని, నిలబడే తాగేవాడు. ఆ టీ మన బస్టాండు చాయ్‌కి దగ్గరగా ఉండేది. అది తాగాకే నేను ఆ చోట ఉండగలనని నాకు నమ్మకం కుదిరింది. పిండి దుమ్ముకు ఆయనకు ఆగని దగ్గు. ఒకరోజు చూడలేక, స్వరూప ఆంటీ వైద్యం ప్రకారం ఒక పలుకూ రెండు మిరియాలూ ఇచ్చాను. ఏమిటి అని అడగలేదు. నోట్లో వేసుకుని, కాసేపాగి, "మిరియాలు" అన్నాడు. మర్నాడు పొద్దున టీ దగ్గర నా ముందు అరచెయ్యి చాపాడు. అప్పటినుంచి అదొక ఆచారమైంది. బయటి తినుబండారాలు కిచెన్‌లోకి తేకూడదన్న నోటీసు సరిగ్గా ఆయన తల వెనకే అంటించి ఉండేది.

నేను అంట్లు కడుగుతూ, కూరలు తరుగుతూ, ఖాళీ దొరికితే పొయ్యి దగ్గరికి చేరేవాణ్ణి. ఒకసారి ధైర్యం చేసి మూడు వందల మందికి పప్పు వండాను. తాలింపు వాసనకు నడవాలో మనుషులు ఆగిపోయారు. తీరా అది గ్రేవీ అనుకుని అందరూ మాంసం ముక్కల మీద పోసుకుని తిన్నారు. బాగుందన్నారు. గోర్డన్ చెంచా ముంచాడు, కడిగాడు, తిరిగి రాలేదు. నన్ను కుక్‌గా మార్చే ఫారం ఆయన సంతకం కోసం నెలల తరబడి ఆగి ఉంది. అడిగినప్పుడల్లా, "చూద్దాం, వచ్చేసారి" అనేవాడు. అడిగీ అడిగీ నాకు సిగ్గు పోయింది, ఆయనకు విసుగు మాత్రం రాలేదు. పర్మిట్‌లో పధ్నాలుగు నెలలు మిగిలాయి. కుక్‌గా పన్నెండు నెలలు కావాలి. ఇంకో రెండు వచ్చేసార్లు అయితే, నా కెనడా అయిపోతుంది.

పదకొండుసార్లు పచ్చలైటు వెలిగింది. పన్నెండోసారి ఎర్ర వెలిగింది. పక్కగదిలో లోరెయిన్ ఉంది. ఆ ప్రాంతపు దెనె ఆదివాసీ ఆవిడ, యాభై దాటి ఉంటాయి, సెక్యూరిటీలో పెద్ద. నా బ్యాగులోవన్నీ ఒక్కొక్కటే బల్ల మీద పేర్చింది. గుడ్డసంచీ విప్పి ట్రేలో కుమ్మరించింది. లైటు కింద ఆ పలుకులను చూశాక గానీ నాకు విషయం తెలియలేదు. శుద్ధి చేయని వజ్రం ఎలా ఉంటుందో క్యాంపు గోడల మీద బొమ్మలు ఉండేవి. ఏడాదికి దగ్గరగా రోజూ వాటి పక్కనుంచే నడిచాను. "ఇవేంటి?" అంది లోరెయిన్. గొంతులో ఏ మార్పూ లేదు. "షుగర్" అన్నాను. ఆవిడ నన్ను చూసింది, ట్రేని చూసింది. మన దగ్గర ఎవరైనా అనుమానంగా చూస్తే ఏం చేస్తాం? ముందు మనం తిని చూపిస్తాం. ప్రసాదమైనా, పచ్చడైనా, బస్సులో పక్కసీటాయనకు పెట్టే సకినమైనా అంతే. నేను ఒక పలుకు తీసి నోట్లో వేసుకుని కరకర నమిలి మింగేశాను. ఇంకొకటి ఆవిడకు అందించి, "ప్లీజ్, టేక్ వన్" అన్నాను.

ఒక వజ్రాల గని సెర్చ్ రూమ్‌లో మనిషి చేయగల పనుల్లో అంతకంటే చెడ్డది లేదని నాకు తర్వాత చెప్పారు. ఆవిడ బల్ల కింద ఏదో నొక్కింది. తలుపుల తాళాలు టక్కుమని పడ్డాయి. "చేతులు బల్ల మీద పెట్టు. ఇంక ఏదీ ముట్టుకోకు. నోట్లోకి ఏది పోయినా, అది బయటికి వచ్చేదాకా ఆ మనిషి ఇక్కడే ఉండాలి, అది రూలు" అంది. నాకు ఏడుపు వచ్చింది, నిజంగానే ఏడ్చాను. దొంగతనం అనుమానం మీద గని నుంచి పంపేస్తే లెటర్ ఏముంటుంది, పీఆర్ ఏముంటుంది. వజ్రాలు మింగాడని మా ఊళ్లో తెలిస్తే బాపు షాపు దాకా కూడా వెళ్లలేడు. ఆవిడ రేడియోలో ఎవరితోనో మాట్లాడి, జరిగింది మొత్తం చెప్పి, హెడ్ కుక్‌ని పిలవమంది. ఈ సంచీ సంగతి ఆయనకు తెలుసేమో అడగాలి కదా.

గోర్డన్ రావడానికి కొంత టైము పట్టింది. ఆయనా ఆ రోజు అదే విమానానికి వెళ్లాలి, కోటు వేసుకునే ఉన్నాడు. గదిలోకి వచ్చి నా ముఖం చూశాడు. ట్రే చూశాడు. "గోర్డన్, ఇవి ఏంటో నీకు తెలుసా?" అని అడిగింది లోరెయిన్. ఆయన చెయ్యి చాపి, ఒక పలుకు తీసి, నోట్లో వేసుకున్నాడు. మూడుసార్లు నమిలాడు. మింగాడు. "మిరియాలు లేవు" అన్నాడు. లోరెయిన్ పెన్ను కింద పెట్టి, "పద్దెనిమిదేళ్లుగా ఇక్కడ ఉన్నావు నువ్వు" అంది. "అవును" అన్నాడాయన. తర్వాత ఆవిడ మిగతా పలుకులన్నీ ఒక మగ్గులో వేసి, వేడినీళ్లు పోసి, మా ఇద్దరి ముందు పెట్టింది. పటికబెల్లం తొందరగా కరిగే వస్తువు కాదు. కరిగేదాకా ముగ్గురం మగ్గు వైపు చూస్తూ కూర్చున్నాం. కరిగింది. "చూశారా, షుగరే" అన్నాను ఆశగా. "ఈ మగ్గులోది షుగర్. మీ కడుపుల్లోది ఏమిటో నాకు తెలియదు" అంది లోరెయిన్. బయట మా విమానం వెళ్లిపోయిన చప్పుడు వినిపించింది.

ఆ విమానం మళ్లీ వచ్చేది మూడు రోజుల తర్వాత. నడవా చివర ఒక గదిలో మా ఇద్దరినీ పెట్టారు, తలుపు బయట కాపలా, బాత్రూమ్‌కు వేరే ఏర్పాటు. ఆ ఏర్పాటు గురించి నేను రాయను. దానికి వాడిన జల్లెడ మా కిచెన్‌ది కాదని మాత్రం గోర్డన్ రెండుసార్లు అడిగి ఖాయం చేసుకున్నాడు. నాతో ఎక్కువ మాట్లాడలేదు. పేక ఆడాం. మీ అమ్మ పప్పు ఎలా చేస్తుందని ఒకసారి అడిగాడు. బొగ్గుపొయ్యి దగ్గర మొదలుపెట్టి చెప్పాను, మధ్యలో ఆపకుండా విన్నాడు. రెండో రోజు కాపలా మనిషి మారినప్పుడు, కొత్తవాడు, "అయ్యో గోర్డన్, శనివారం మీ పార్టీ కదా" అన్నాడు. అప్పుడు తెలిసింది, ఆ శనివారం ఆయన భార్య ఐలీన్ అరవయ్యో పుట్టినరోజని. హాలు కూడా బుక్ చేశారట. పుట్టినరోజుకు ఆయన ఇంటి దగ్గర ఉండేలా రోజులు కలిసిరావడం ఎనిమిదేళ్లలో అదే మొదటిసారట. నేను సారీ చెప్పాను. "కేకు ఎలాగూ కొన్నదే" అన్నాడు, పేకముక్కలు పంచుతూ. నాలాగే ఆలోచించకుండా నోట్లో వేసుకుని ఇరుక్కుపోయాడు పాపం అనుకున్నాను. నిజం చెబితే, ఆయన నాకంటే కొంచెం తెలివితక్కువ మనిషని కూడా అనుకున్నాను. నాకైతే రూలు ఎవరూ చెప్పలేదు.

మూడో రోజుకు ఇద్దరి మీదా ఏమీ లేదని తేలింది. లోరెయిన్ కాగితాలు తెచ్చి సంతకాలు పెట్టించుకుంది. నా చేతికి ఖాళీ గుడ్డసంచీ ఇచ్చింది. "నువ్వు ఒక్కడివే అయితే ఈ ఫైలు దొంగతనం అనుమానం కిందే పైకి వెళ్లేది. నిన్ను మళ్లీ ఇక్కడికి రానిచ్చేవాళ్లు కాదు. ఇప్పుడు హెడ్ కుక్ పేరు కూడా ఉంది కాబట్టి, మిఠాయి తిన్నారని రాశాను" అంది. తర్వాతి ట్రిప్పుకు వెళ్లిన మొదటి పొద్దున, టీ దగ్గర గోర్డన్ నా ఫారం మీద సంతకం పెట్టి, పిండి అంటిన వేళ్లతో ఇచ్చాడు. పన్నెండు నెలలూ కుక్‌గా పనిచేశాను. లెటర్ వచ్చింది, పీఆర్ వచ్చింది. లెటర్‌కు థాంక్యూ చెప్పాను. ఆ మూడు రోజుల గురించి మళ్లీ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఎలా మొదలుపెట్టాలో నాకు తెలియలేదు, ఆయనకు మొదలుపెట్టే అలవాటు లేదు.

ఇప్పుడు నేను ఒక పెద్ద ఆస్పత్రి కిచెన్‌కు సూపర్‌వైజర్ని. నా ఆఫీసుకు కిటికీ ఉంది. లెటర్ల కోసం పిల్లలు వస్తారు, వాళ్లలో మనవాళ్లే ఎక్కువ. బేస్‌మెంట్ నుంచి రెండు బస్సులు మారి వచ్చి, "అన్నా, మీరు ఒక్క మాట చెప్తే" అని నిలబడతారు. నా దగ్గర ఒక టెంప్లేట్ ఉంది. పేరు మార్చి, డ్యూటీలు మార్చి ఇస్తాను. ఎక్కడా అబద్ధం ఉండదు. రేపు ఏదైనా తేడా వస్తే నా మీదికి రాకుండా ప్రతి వాక్యాన్నీ చూసుకుని రాస్తాను. పోయిన చలికాలంలో ఒకమ్మాయిని స్టోర్‌లో సరుకు తగ్గిందని అనుమానించారు. ఆమె తీయలేదని నాకు తెలుసు. హెచ్ఆర్‌కు ఈమెయిల్ పంపాను, నా పరిశీలనలో ఆమె ప్రవర్తన సంతృప్తికరంగా ఉంది అని. నేను అంతవరకే చేశాను. వాళ్లు ఆమెను తీసేశారు. ఆ ఈమెయిల్‌లో ఒక్క తప్పు లేదు, ఇప్పుడు చదువుకున్నా నాకు సిగ్గుగానే ఉంటుంది.

కొన్నేళ్ల కింద గోర్డన్ పోయాడని తెలిసి, నంబరు సంపాదించి ఐలీన్‌కు ఫోన్ చేశాను. పేరు చెబితే ఆవిడకు అర్థం కాలేదు. గనిలో ఆయన దగ్గర పనిచేశానన్నాను. "ఓ, ఆ మిఠాయి మనిషివా!" అంది. సారీ, మీ పుట్టినరోజు నా వల్లే పాడైంది, ఆయన కూడా నాలాగే తెలియక తినేశాడు అన్నాను. "తెలియకనా?" అంది ఆవిడ. "సెక్యూరిటీ నుంచి పిలుపు రాగానే ముందు నాకు ఫోన్ చేశాడు. ఈ విమానానికి రావట్లేదు, పార్టీ నువ్వే కానిచ్చెయ్ అన్నాడు. ఏమైంది నీకు అని అరిచాను. నాకింకా ఏమీ కాలేదు, నా కుక్ ఒకడు సెర్చ్ రూమ్‌లో ఇరుక్కున్నాడు, వాడి దగ్గరికి వెళ్తున్నా అని పెట్టేశాడు." లైన్‌లో ఉన్నావా అని ఐలీన్ రెండుసార్లు అడిగింది. ఆయన ఆ ఫోన్ చేసిన రోజుకి, గని కాగితాల్లో నేనింకా గిన్నెలు కడిగేవాణ్ణే.